కంచె బయటి కెమెరా

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. జరిగిన నష్టం కన్నా పుట్టిన భయం ఎన్నో రెట్లు పెద్దది. జనం ఊళ్లు ఖాళీ చేశారు, మద్రాసు ప్రభుత్వం తన కార్యాలయాలను లోపలి ఊళ్లకు తరలించుకుంది. ఆ యుద్ధకాలంలోనే మన జిల్లాల్లో సైనిక విమానాల కోసం రన్‌వేలు వేశారు. గన్నవరం, దొనకొండ, తాడేపల్లిగూడెం ఆ వరసలోవే. తాడేపల్లిగూడేన్ని ఎందుకు ఎంచుకున్నారో నేల చూస్తే అర్థమవుతుంది. ఒక పక్క కొల్లేరు వైపు దిగే డెల్టా నల్లరేగడి, వాన పడితే బరువు మోయని నేల. మరో పక్క గట్టి మెట్ట. ఆ రెండూ కలిసే అంచున, మద్రాసు–కలకత్తా రైలుమార్గం మీద ఉన్న ఊరు అది. కావలసిన సరుకు రైల్లో దించుకోవచ్చు, విమానాన్ని గట్టినేల మీద దించవచ్చు. దాదాపు రెండు కిలోమీటర్ల ఆ రన్‌వే యుద్ధం ముగిశాక పని లేకుండా పడి ఉంది. ఊరివాళ్లు ఇప్పటికీ దాన్ని చూపిస్తారు. దాని మీద దిగిన విమానాలను మాత్రం ఊరివాళ్లు తమ కెమెరాతో దాచుకునే వీలు ఆనాడు లేదు. కెమెరా కలవారి వస్తువు, ఫిల్ముకు కరువు, పైన యుద్ధకాలపు డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ భయం. బ్రిటిష్ వైమానిక దళం తన అధికారిక ఫొటోగ్రాఫర్లతో తీయించుకున్న చిత్రాల పెద్ద భాండాగారం లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. మన ఆకాశంలో ఎగిరిన వాటిని చూడాలంటే అంతదూరం వెతుక్కోవలసి రావడం ఎవరి దురదృష్టమూ కాదు. అలా జరిగేలా రాసిన చట్టం ఒకటుంది, దాన్ని ఈనాటికీ మనం మోస్తున్నాం.

ఆ చట్టానికి మూలం ఇంగ్లండులో ఉంది. జర్మన్ గూఢచారుల భయం ముదిరిన 1911 ఆగస్టులో బ్రిటిష్ పార్లమెంటు అధికార రహస్యాల చట్టాన్ని హడావుడిగా ఆమోదించింది. ఇక్కడ 1889 నుంచే అలాంటి చట్టం ఉండేది. కర్జన్ కాలంలో, 1904లో దాన్ని బిగించారు, 1923లో కొత్త రూపం ఇచ్చారు. ఆ 1923 చట్టమే ఇప్పటికీ అమల్లో ఉంది. వైమానిక స్థావరం దాని లెక్కలో నిషిద్ధ స్థలం. ‘స్కెచ్’ అంటే ఏమిటో నిర్వచిస్తూ ఫొటోను కూడా అందులోనే చేర్చారు. దేశ భద్రతకు హాని చేసే ఉద్దేశంతో తీస్తేనే నేరమని మూడో సెక్షన్ అంటుంది. అంతవరకు న్యాయమే. అయితే ఆ ఉద్దేశాన్ని చూపే ఫలానా పని చేశాడని రుజువు చేయనక్కర్లేదనీ, పరిస్థితులనూ నడవడికనూ బట్టి అలా అనిపిస్తే చాలనీ అదే సెక్షన్ చెబుతుంది. రక్షణ స్థావరాలకు సంబంధించిన కేసులో శిక్ష 14 ఏళ్ల దాకా ఉంటుంది. దీనికి తోడు 1937 ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 13వ నియమం ప్రభుత్వ విమానాశ్రయంలోనూ, ఎగిరే విమానంలోనుంచీ రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో తీయకూడదంది. ఈ రెంటినీ కలిపి చదివిన సామాన్యుడికి మిగిలేది ఒకటే అర్థం: విమానం దగ్గర కెమెరా తీయకు. కంచె బయట, పంచాయతీ రోడ్డు మీద నిలబడి నెత్తి మీదుగా పోయే విమానాన్ని ఫొటో తీయవచ్చా అన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఎక్కడా దొరకదు. జవాబు లేనిచోట గేటు దగ్గర సెంట్రీ చెప్పిందే చట్టం.

ఆశ్చర్యమేమంటే, ఈ చట్టం పుట్టిన దేశంలోనే విమానాలను చూడటం జనం అలవాటుగా మారింది. బాంబుదాడుల నడుమ, 1941 జనవరిలో, విమానాలను గుర్తుపట్టడం నేర్పే ‘ఏరోప్లేన్ స్పాటర్’ అనే పత్రిక అక్కడ మొదలైంది. వచ్చేది మనదో శత్రువుదో జనానికి తెలిస్తే ప్రభుత్వానికే లాభమని వాళ్లు గ్రహించారు. యుద్ధం పోయినా ఆ అలవాటు పోలేదు. నెదర్లాండ్స్‌లో లీవార్డెన్, వోల్కెల్ స్థావరాల దగ్గర ఔత్సాహికుల కోసం ప్రత్యేకంగా చోటే కేటాయించారు. మనకు చట్టం దిగుమతి అయింది, ఆ అలవాటు రాలేదు. ఆసక్తికీ పనితనానికీ కొదవ ఉండి కాదు. కైకలూరు దగ్గర ఆటపాక వెళ్లి చూడండి: గూడబాతుల కోసం పొడవాటి లెన్సులతో గంటల తరబడి కాచుక్కూర్చునే వాళ్లున్నారు. విమానాన్ని పట్టే చేయి కూడా అలాంటిదే. వెలుగు మన వెనక నుంచి పడాలి. మధ్యాహ్నం పన్నెండుకు మన కోస్తా నేల నుంచి లేచే వేడి గాలిలో విమానం అంచులు అలల్లా వణుకుతాయి కాబట్టి పొద్దున్నే తీయాలి. జెట్టుకు సెకనులో వెయ్యో వంతు షట్టరు కావాలి. ఏఎన్-32 లాంటి పంకాల విమానానికి అదే వేగం వాడితే పంకా రెక్కలు బిగుసుకుపోయి, విమానం గాలిలో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. షట్టరును 125వ వంతుకో 250వ వంతుకో దించి, కెమెరాను విమానంతో పాటు తిప్పుతూ నొక్కాలి. గాలి ఎటునుంచి వీస్తుందో తెలిస్తే విమానం ఏ కొసన దిగుతుందో ముందే తెలుస్తుంది. ఇంత సాధన ఉన్న మనిషి కొల్లేటి గట్టున కళాకారుడు, స్థావరం గోడ పక్కన అనుమానితుడు.

భద్రత మాటేమిటని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్ విభాగం ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో బయటపెట్టిన గూఢచర్యం కేసులో పట్టుబడినవాళ్లలో ఏడుగురు నౌకాదళ సిబ్బందే. రహస్యం కంచె దూకింది లోపలి నుంచి, వలపు వలలోనూ హవాలా డబ్బుతోనూ. ఇక పైనుంచి చూసేవాడి సంగతి. 2005 అక్టోబరులో రాష్ట్రపతి అబ్దుల్ కలాం హైదరాబాదులో పోలీసు అధికారులతో మాట్లాడుతూ, గూగుల్ ఎర్త్‌లో ఎవరికైనా దొరికే ఉపగ్రహ చిత్రాలు భద్రతకు చిక్కు తెస్తాయని హెచ్చరించారు. ఆయన భయం నిజమైనదే. అయినా ఆ చిత్రాలను ఎవరూ ఆపలేకపోయారు. 2021 ఫిబ్రవరిలో కేంద్రమే భౌగోళిక సమాచారం మీద ఆంక్షలను చాలావరకు సడలించింది. కొల్లేరు కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. సరస్సును చేపల చెరువులు ఎంత మింగాయో లెక్క తేల్చడంలో పెద్ద సాక్ష్యం ఉపగ్రహ చిత్రాలదే. ఆ ఆక్రమణల తొలగింపు 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’గా జరిగింది. అంత ఎత్తు నుంచి ఒక చెరువు గట్టు కనిపించినప్పుడు, స్థావరంలో ఎన్ని హ్యాంగర్లున్నాయో కనిపించదా? పరాయి సైన్యానికి ఉపగ్రహం ఉంది. కంచె బయటి నిషేధం వల్ల చూపు పోయేది ఆ ఊరివాళ్లకే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. ఒక ఫొటోలో రహస్యం లేకపోవచ్చు. కానీ రోజూ తీసే వంద ఫొటోలు కలిపితే ఏ విమానం రెక్కల కింద ఏ ఆయుధం మోస్తోంది, ఏ స్క్వాడ్రన్ ఎప్పుడు కదిలింది తెలిసిపోతుంది. ఉపగ్రహం ఇంత దగ్గరగా, ఇంత వెంటవెంటనే చెప్పలేదు. ఇది నిజం. అందుకే 2025 ఏప్రిల్ 26న రక్షణ కార్యకలాపాలను ప్రత్యక్ష ప్రసారం చేయవద్దని మీడియాకు కేంద్రం సూచించడాన్ని నేను తప్పుపట్టను. మే నెలలో సైన్యంతో కలిసి వాడుకునే విమానాశ్రయాల్లో, విమానం పదివేల అడుగులు దాటేదాకా కిటికీలు మూయించడాన్నీ తప్పుపట్టను. ఆ కట్టడులు పెట్టింది సమయం మీద. అసలు ప్రమాదం ఉన్నదీ అక్కడే: ఈ రోజు కదలిక ఈ రోజే బయటపడటంలో. ఏళ్లు గడిచాక అదే బొమ్మలో హాని మిగలదు. నౌకాదళంలో 1988లో చేరిన టీయూ-142 ఒకప్పుడు దగ్గరికి పోనివ్వని నిఘా విమానం. 2017 మార్చిలో విరమించాక అదే ఏడాది చివర విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా తెరిచారు. పిల్లలు దాని పొట్టలోకి ఎక్కి సెల్ఫీలు తీసుకుంటున్నారు. గ్రీసులో 2001 నవంబరులో కలమాత స్థావరం దగ్గర పన్నెండు మంది బ్రిటిష్, ఇద్దరు డచ్ ఔత్సాహికులను గూఢచారులన్న అనుమానంతో అరెస్టు చేశారు. 2002 ఏప్రిల్‌లో వాళ్లను దోషులన్నారు, కొందరికి మూడేళ్ల జైలు వేశారు. ఆ నవంబరులో అప్పీలు కోర్టు విడిచిపెట్టింది. చట్టం సమయాన్నీ ఉద్దేశాన్నీ వదిలి కెమెరాను చూసినందువల్ల వచ్చిన తంటా అది.

కంచె బయటివాళ్లు పోగుచేసేది ఊరికే పోదు. తోక మీది నంబరు, రంగుల మార్పు, ఏ ఏడాది ఏ స్థావరంలో కనిపించిందన్న వివరం, ఇవే తర్వాత చరిత్రకు దినుసు. 1965 యుద్ధం మీద రక్షణ శాఖ రాయించిన చరిత్ర 1992కే సిద్ధమైనా, ఏళ్ల తరబడి అధికారికంగా అచ్చు కాలేదు. ఆ యుద్ధపు ఆకాశాన్ని పూర్తి పుస్తకంగా మన ముందుంచిన పి.వి.ఎస్. జగన్మోహన్, సమీర్ చోప్రా జంట 2005లో ఆ పని చేసింది. ఇద్దరిలో ఒకరు తెలుగువారని చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంది. ప్రభుత్వం తానే తలుపు తీసిన సందర్భాలూ లేకపోలేదు. 2022 డిసెంబరు 29న అద్దంకి దగ్గర, కొరిశపాడు–పిచ్చికలగుడిపాడు మధ్య 16వ జాతీయ రహదారి మీద వైమానిక దళం రోడ్డునే రన్‌వేగా వాడే ప్రయత్నం చేసింది. సుఖోయ్, తేజస్, ఏఎన్-32 విమానాలు రోడ్డుకు అతి తక్కువ ఎత్తున వచ్చి మళ్లీ పైకి లేచాయి. 2024 మార్చిలో ఇంకోసారి అక్కడే విన్యాసాలు జరిగాయి. ఆ రెండు రోజుల ఫొటోలు పత్రికల నిండా వచ్చాయి.

తాడేపల్లిగూడెంలో విమానాశ్రయం కట్టవచ్చో లేదో పరిశీలించే ప్రతిపాదన 2024లో మళ్లీ కదిలింది. కట్టినా కట్టకపోయినా ఆ రన్‌వే ఉన్నది ఉన్నట్టుగా నమోదు కావాలి. కొసలు, పొడవు, మిగిలిన కాంక్రీటు పలకలు, చుట్టూ పెరిగిన ఊరు ఇప్పుడే కొలతలతో ఫొటోలు తీయించాలి. లండన్ భాండాగారాల్లో గోదావరి, కృష్ణా జిల్లాల రన్‌వేల చిత్రాలేమున్నాయో వెతికించి నకళ్లు తెప్పించాలి. ఆ విమానాలను చిన్నతనంలో చూసినవాళ్లకు ఇప్పుడు తొంభై ఏళ్లకు పైనే. వాళ్లతో మాట్లాడే పనికి ఏ శాఖ అనుమతీ అక్కర్లేదు.