కౌలు కలం

నెల మొదట్లో నా ఫోన్‌కి మూడు మెసేజులు వస్తాయి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌కి, ఆఫీసు ప్యాకేజీకి, క్లౌడ్ జాగాకి ఖాతాలోంచి పైసలు పోయాయని. ఈసారి మా బేగం హిసాబ్ అడిగింది. "రాసేది మీరు కదా, కిరాయి ఎవరికి కడుతున్నారు?"

కంకిపాడు వాడికి కిరాయి కన్నా కౌలు బాగా తెలుసు. ఆ మాట అరబీ 'ఖౌల్' నుంచి వచ్చింది, ఇచ్చిన మాట అని మానీ. పొలం ఒకరిది, చెమట ఇంకొకరిది. కౌలు కట్టలేకపోతే గట్టు దిగాలి.

ఉర్దూ కలం మాత్రం ఒకప్పుడు కౌలుది కాదు. 1927లో మద్రాసులో మొదలైన 'ముసల్మాన్' పత్రికను కాతిబ్‌లు దశాబ్దాల పాటు చేత్తోనే రాశారు. వాళ్ల హునర్‌కి నెలవారీ చందా లేదు. 1981లో లాహోర్ 'జంగ్' కంప్యూటర్ నస్తాలీఖ్‌తో వచ్చింది. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చాక ఎందరో కాతిబ్‌ల రోజీ పోయింది. తెలుగు డెస్కుల్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు. అప్పట్లో సాఫ్ట్‌వేర్ ఒకసారి కొంటే చాలు. (నిజం చెప్పాలంటే, మేం వాడినవి చాలావరకు చోరీ కాపీలే.) 2013లో అడోబీ తన కొత్త డిజైన్ సాఫ్ట్‌వేర్లను చందాకే ఇస్తానంది. దొడ్డిదారిన వాడినవాళ్లం గనక గట్టిగా అరిచే హక్కు కూడా మాకు లేకపోయింది.

ధర పక్కనబెట్టి ఒకటే సవాల్ వేసుకున్నాను: కట్టడం మానేస్తే నా రాతలు నాతో వస్తాయా?

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చింది. అలా టైపు చేసినవన్నీ ఉచిత లిబ్రెఆఫీస్‌లోనూ తెరుచుకున్నాయి. ఫాంట్ కూడా ముఫ్త్: 1975 ప్రపంచ తెలుగు మహాసభల వెనకున్న మా జిల్లా మండలి వెంకటకృష్ణారావు పేరు మీదున్న 'మండలి'. ఉర్దూకి జమీల్ నూరీ నస్తాలీఖ్. ఆఫీసు ప్యాకేజీ కొట్టేశాను.

క్లౌడ్ ఉంచాను. అందులో ఇరవై ఏళ్ల ఇంటర్వ్యూల ఆడియో ఉంది. ఆ గొంతుల్లో కొన్ని ఇప్పుడు కబ్రస్తాన్‌లో ఉన్నాయి. అది అమానత్. అయినా భరోసా చాలక ఒక హార్డ్‌డిస్క్ కూడా కొన్నాను.

చిక్కంతా పేజీల సాఫ్ట్‌వేర్‌తోనే. చందా ఆగితే పాత ఫైళ్లు తెరుచుకోవు. తెరిచినా, పాత ఫాంట్ లేకపోతే తెలుగంతా పిచ్చి గుర్తులే. దానికి ఒక్క నెల మొహలత్ ఇచ్చాను. ఇషా తర్వాత కూర్చుని, రోజుకి కొన్ని పేజీల చొప్పున యూనికోడ్‌లోకి మార్చుకుంటున్నాను.