శాసనాలకు ఎక్కని మన చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, శాసనాలు జ్ఞాపకం వస్తాయి. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధుర పాలకుడైనాడనీ, దేశాన్ని 72 పాళెములుగా ఏర్పరచినారనీ పుస్తకాలలో ఉన్నది. ఆ కాలాన, ఆ తరువాతి తరాలలోనూ కోయంబత్తూరు, మధుర సీమలకు వచ్చి నల్లరేగడి దున్నిన మన పూర్వులు పెండ్లి ఎట్లు చేసినారు? ఏ పాట పాడి బిడ్డలను నిద్రపుచ్చినారు? వీటికి శాసనం లేదు. ఉన్నదంతా ఇంటి పెద్దల నోటనే ఉన్నది.

ఇట్టి సంగతులను శ్రద్ధగా విని, చూచి వ్రాసే విద్యకు సాంస్కృతిక మానవశాస్త్రమని పేరు. మొదట అది మన దేశంలో సరియైన దారిన నడవలేదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్, రంగాచారిగారి సహాయంతో 1909లో దక్షిణదేశపు కులాలపై 7 సంపుటాలు ప్రకటించినారు. ఆచారాలెన్నో అందులో చేరినవి. గాని ఆయన మనుషుల తలలు, ముక్కులు కొలిచి జాతులను తేల్చబోయినారు. ఆ కొలతల పద్ధతిని తరువాతి పండితులు త్రోసిపుచ్చినారు.

వారు ఊరిలో కాపురముండి, ఊరి భాష నేర్చి పరిశీలించసాగినారు. కెనడా పండితురాలు బ్రెండా బెక్ 1960లలో మన కాంగేయం ప్రాంతపు ఓలప్పాళయంలో నివసించి, 1972లో కొంగుసీమ సంఘంపై గ్రంథం వెలువరించినారు. అన్నన్మార్ కథను గాయకుల నోట విని రికార్డు చేసినారు. మన తిరుప్పూరు బనియను పరిశ్రమపై 2004లో శరద్ చారి గ్రంథం వచ్చినది. సేద్యం విడిచి పనివారై, పిమ్మట యజమానులైన గౌండర్లు తమ ఎదుగుదలకు 'ఉళైప్పు', అనగా ఒళ్ళు వంచి చేసిన కష్టమే కారణమని చెప్పుకొనుట ఆయన విని, ఆ మాట వెనుక కథను విచారించినారు. కంపెనీ లెక్కల పుస్తకంలో ఈ మాట దొరకదు.

ఇందువలన ప్రయోజనమేమి అని అడుగవచ్చును. దానికి తెలంగాణలోని ఆదిలాబాదు మంచి ఉదాహరణ. 1940లో కొమురం భీము పోలీసు కాల్పులలో మరణించిన తరువాత, హైమెన్‌డార్ఫ్ అనే పండితుడు గోండుల నడుమ నివసించి, వారి భూములు చేజారిపోవుటయే అశాంతికి మూలమని నైజాం ప్రభుత్వానికి తెలిపినారు. గోండులకు భూమి పట్టాలు దక్కినవి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం వెలసినది. గోండీ భాషలో వాచకాలు వచ్చినవి. ముందు విన్నారు గనుకనే ఏమి చేయవలెనో తెలిసినది.

ఇక మన సంగతి. 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షలు. ఆ ఇండ్లలో ఏ మాటలు మిగిలినవో, ఏవి అవ్వతోనే పోయినవో ఆ అంకె చెప్పదు. కోవిల్‌పట్టి వైపు నల్లరేగడి సీమకు తెలుగువారు వలస వచ్చిన కథను కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా వ్రాసినారు. వారి ఇంటి భాష తెలుగు. బడి చదువు కొద్దియే అయినా, పల్లె జనుల నోటి మాటలు పోగుచేసి ఒక నిఘంటువు కూడా కూర్చినారు. అయితే ఆయన వ్రాసినది తమిళంలో. మన పెద్దల జ్ఞాపకం ఆ విధంగానైనా నిలిచినందుకు సంతోషమే. తెలుగులో దానిని వ్రాసి ఉంచవలసిన పని మనకు మిగిలియున్నది.

కాబట్టి మా విన్నపమొకటి. ఈ ఉగాది సెలవులో ప్రతి ఇంటివారు అవ్వనో తాతనో కూర్చుండబెట్టి ఇంటిపేరు, కులదైవం, విడిచివచ్చిన ఊరు, పెండ్లిపాటలు, చుట్టరికపు పిలుపులు అడిగి వ్రాసుకొనండి. వారు పలికినది పలికినట్లే వ్రాయండి. తమిళపదం కలిసినచోట దిద్దవద్దు. ఆ కలయికయే మన పూర్వులు నడచిన దారికి గుర్తు. తెలుగు అక్షరాలు రానివారు తమిళ లిపిలోనైనా వ్రాయవచ్చును. వచ్చినవన్నీ సంఘంవారు ఒకచోట చేర్చి భద్రపరచినచో, రేపు మన బిడ్డలు చదువుకొనుటకు మన చరిత్ర ఉండును.