పాపికొండల జలమార్గము

సెలవులకు స్వస్థలము చేరు తెలుగు కుటుంబములలో, రాజమహేంద్రవరమునుండి భద్రాచలమువరకు గోదావరిపై లాంచీలో ప్రయాణము చేయవలెనను కోరిక తరతరములుగా ఉండెను. రైలు ప్రయాణమున గమ్యము ప్రధానము. నదీ ప్రయాణమున మార్గమే ఫలము. అయినను తొలిసారి పడవనెక్కినవారికి ఆనందముతోపాటు ఆశాభంగమును కలుగక మానదు. ఈ రెండింటికిని నది స్వభావమే మూలము. గోదావరి చరిత్ర ఇందుకు సాక్ష్యము.

ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరము ఆనకట్ట పనిని ప్రారంభింపగా 1852 నాటికి అది పూర్తియయ్యెను. డెల్టా కాలువలు సేద్యమునకే గాక పడవల రాకపోకలకును తోడ్పడెను. అంతటితో కాటన్ తృప్తి చెందలేదు. ఎగువ గోదావరిని జలమార్గముగా తీర్చి, నాగపూరు, బీరారు సీమల ప్రత్తిని సముద్రతీరమునకు చేర్చవలెనని ఆయన సంకల్పము. 1861–65 నడుమ అమెరికా అంతర్యుద్ధమువలన ఇంగ్లండు మిల్లులకు ప్రత్తి కరవైనప్పుడు ఈ పథకమునకు మరింత బలము చేకూరెను.

కాని నది అంత సులభముగా లొంగలేదు. భద్రాచలమునకు ఎగువను దుమ్ముగూడెమువద్ద మొదటి రాతి అడ్డు, ఇచ్చంపల్లివద్ద రెండవది, ఆపైన మూడవది కలవు. వీనిని తప్పించుటకై ఆనకట్టలు, కాలువలు, లాకులు తలపెట్టిరి. వేసవిలో పడవకు చాలినంత నీరుండదు. వర్షాకాలమున వరద నిలువనీయదు. మన్యపు జ్వరములు పనివారిని పీడించెను. చివరకు 1871లో ప్రభుత్వము ఆ పథకమును విరమించెను. దుమ్ముగూడెము ఆనకట్ట మాత్రము ఆ ప్రయత్నమునకు గుర్తుగా మిగిలెను.

వర్తకుల స్వప్నము ఫలింపకున్నను యాత్రికుల మార్గము నిలిచెను. 1965లో భద్రాచలమువద్ద వంతెన ఏర్పడువరకు, ఆవలి ఒడ్డునుండి రాముని దర్శింపవచ్చువారికి పడవయే శరణ్యము. రాజమహేంద్రవరమున లాంచీ ఎక్కినవారికి పోలవరము దాటిన పిమ్మట కొండలు ఇరుప్రక్కల దగ్గరకు వచ్చును. విశాలమైన గోదావరి ఒక్కసారిగా సన్నగిల్లి, స్త్రీల పాపిటవలె కొండల నడుమ సాగును; అందుచేతనే ఆ కొండలకు ఆ పేరు వచ్చినదందురు. పేరంటాలపల్లి శివాలయము, కూనవరమువద్ద శబరీ సంగమము కన్నుల పండువు చేయును. 1973లో వచ్చిన బాపు రమణల ‘అందాల రాముడు’ ఈ లాంచీ ప్రయాణమును ఇంటింటికిని పరిచయము చేసెను.

తొలి ప్రయాణీకుడు వెండితెరపై చూచిన వేగమును ఆశించి బయలుదేరును. లాంచీ ఇసుకమేటపై కూరుకొనిపోయి గంటలు గడచునప్పుడు, పిల్లలు ఆకలికి ఏడ్చునప్పుడు, యంత్రపు రొద మాటను మింగివేయునప్పుడు విసుగు చెందును. కాని ఏటి రంగును చూచి లోతును గ్రహించు సరంగు తొందరపడడు. తొందరపాటునకు నది విధించు శిక్ష ఎంత కఠినమో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద తెలిసివచ్చెను. వరద సమయమున విహారమునకు బయలుదేరిన పడవ మునిగి నలుబదిమందికి పైగా మరణించిరి.

ఇప్పుడు ఆ మార్గమే మారినది. 2021లో పోలవరమువద్ద ప్రవాహమును స్పిల్‌వే మీదుగా మళ్ళించిరి. పాత లాంచీల బాట అక్కడ తెగిపోయెను. విహారపు పడవలు ఆనకట్టకు ఎగువనుండి బయలుదేరుచున్నవి. ఒడ్డుననున్న గిరిజన గ్రామములెన్నో ఇండ్లు విడిచి తరలిపోవలసి వచ్చెను. నేడు పాపికొండలను చూడబోవు కుటుంబము నీటి అందముతోపాటు, ఆ నీటి అడుగున ఎవరి ముంగిళ్ళు ఉండెనో కూడ పిల్లలకు చెప్పవలెను. పడవ ఆలస్యమైన గంటలో ఆ మాట చెప్పుకొనుటకు తీరిక దొరకును.