కేలరీల జమాఖర్చు

బరువు తగ్గగోరి అన్నము తగ్గించుకొన్నవారు కొన్ని మాసములకు తగ్గుట నిలిచిపోయినచో, వారు చాటుగ తినుచున్నారని మనము తఱచు ఆక్షేపింతుము. ఈ నింద వెనుక ఒక లెక్క కలదు. ఆ లెక్కకు చరిత్రయు కలదు.

1890ల దశకమున అమెరికాలో అట్‌వాటర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు మనుష్యుని ఒక చిన్న గదిలో దినములతరబడి యుంచి, అతడు తినిన యాహారపు శక్తిని, అతని దేహము విడిచిన వేడిమిని కొలిచెను. రెండును ఇంచుమించు సరిపోయెను. 1918లో లులు హంట్ పీటర్స్ అను వైద్యురాలు వ్రాసిన గ్రంథముతో కేలరీ యను మాట వంటయింటిలో ప్రవేశించెను. దేహము షావుకారు చిట్టా వంటిదనియు, జమ తగ్గిన నిలువ తరుగుననియు జనులు గ్రహించిరి.

ఈ చిట్టా అబద్ధము కాదు. కాని ఖర్చు ఎప్పుడును ఒక్కరీతిగ నుండునని తలచుటయే పొరపాటు. అది మిన్నెసోటా విశ్వవిద్యాలయమున బయటపడెను. రెండవ ప్రపంచయుద్ధపు తుది దినములలో, యూరపులోని క్షుద్బాధితులను తిరిగి కోలుకొనజేయుట యెట్లో తెలిసికొనుటకై ఆన్సెల్ కీస్ 36 మంది యువకులను చేర్చుకొనెను. ఆయుధము పట్టుట అంతరాత్మకు విరుద్ధమని సైన్యమున చేరక, ఈ కష్టమునకు స్వయముగ ముందుకు వచ్చినవారు వారు. 1945 ఫిబ్రవరి మొదలు 24 వారములు వారికి దినమునకు సుమారు 1,570 కేలరీలే లభించెను. మునుపటి తిండిలో అది సగము. వారమునకు 22 మైళ్లు నడువవలెను.

మొదట బరువు వేగముగ తగ్గెను, పిదప మందగించెను. అనుకొన్న రీతిగ తగ్గించుటకు పరిశోధకులే వారమువారము ఒక్కొక్కరి రొట్టెను, బంగాళాదుంపలను హెచ్చుతగ్గులు చేయవలసివచ్చెను. తుదకు దేహభారమున దాదాపు నాలుగవ వంతు పోయెను. విశ్రాంతిలో దేహము వెచ్చించు శక్తి మాత్రము సుమారు 40 శాతము తగ్గెను! మిగిలిన కండ సయితము పొదుపు నేర్చెనన్నమాట. గుండె నెమ్మదించెను. వేసవిలోనే వారు చలియని కంబళ్లు కప్పుకొనిరి. కొందరు వంటపుస్తకములు ఆసక్తితో చదువసాగిరి. ఉపవాసమునాడు పొరుగింటి తాళింపు వాసనకు చలించినవారికి దీనిని వివరింప నక్కరలేదు.

ఈ ఫలితములు 1950లో రెండు సంపుటములుగ వెలువడెను. అయినను 1958లో ప్రకటితమైన వేఱొక సూత్రమే, సులువగుటచే, ఎక్కువ వ్యాపించెను: పౌను బరువునకు 3,500 కేలరీలు. దానిని అక్షరాల నమ్మినచో, దినమునకు 500 కేలరీలు మానినవాడు వారమునకొక పౌను వంతున తగ్గుచునే పోయి, కొన్ని యేండ్లకు అదృశ్యుడు కావలెను.

మిన్నెసోటా యువకులకు తిరిగి ఆహారము పెంచినప్పుడు కడుపు నిండినను ఆకలి తీరలేదు. పోయిన కండ పూర్తిగ రాకమునుపే క్రొవ్వు తిరిగి చేరెను.