గులాబ్ చష్మ్, సియాహ్ చష్మ్

డేగ ఏ పిట్టను పట్టాలో ఎలా తేల్చుకుంటుంది? ఈ సవాల్‌కు మన మీర్ షికార్‌ల దగ్గర చిన్న జవాబు ఉండేది: ముందు దాని కన్ను చూడు.

మీర్ షికార్ అంటే వేట పక్షులను సాకి, తర్ఫీదు ఇచ్చే ఉస్తాద్. షికార్‌కు పనికొచ్చే పక్షులను వాళ్లు రెండు కబీలాలుగా విడదీశారు. పసుపు, నారింజ రంగు కళ్లున్నవి గులాబ్ చష్మ్. నల్లటి కళ్లున్నవి సియాహ్ చష్మ్. చష్మ్ అంటే కన్ను. మనం పెట్టుకునే చష్మా కూడా ఆ మాటలోంచి వచ్చిందే.

బాజ్, బాషా, షికరా గులాబ్ చష్మ్‌లు. రెక్కలు పొట్టి, తోక పొడుగు. కొమ్మల చాటున కూర్చుని, దగ్గరికొచ్చిన దాని మీదికి ఒక్కసారిగా దూకుతాయి. దొరక్కపోతే చాలా దూరం తరమవు. గోళ్లతో బిగించి చంపుతాయి. అందుకే బాజ్ షికార్ తీతర్ (కౌజు), కుందేలు. చిన్నదైన షికరాకు బటేర్ (పూరేడు), ఉడుత, తొండ.

బహ్రీ, షాహీన్, చర్గ్ సియాహ్ చష్మ్‌లు. వీటి రెక్కలు పొడుగు, కొసలు సన్నం. వీటికి బయలు కావాలి, ఖాళీ ఆస్మాన్ కావాలి. ముక్కు అంచున పన్నులాంటి మొన ఉంటుంది. దాంతో మెడ కొరికి చంపుతాయి. బహ్రీ పైకెక్కి, ఎగిరే బాతుల మీద పడుతుంది. చర్గ్‌ను ఎడారి నేలల్లో తిలోర్ అనే పెద్ద పిట్ట మీద వదిలేవారు.

కన్ను తర్వాత కద్దు. ఈ పక్షుల్లో ఆడది పెద్దది, మగది చిన్నది. కాబట్టి పట్టే జంతువూ మారుతుంది, పేరూ మారుతుంది. బాజ్ అంటే ఆడదే. దాని మగది జుర్రా. అబుల్ ఫజల్ ఐన్-ఎ-అక్బరీలో వీటి ఖురాక్ లెక్క రాశాడు: బాజ్‌కు 7 దాముల తూకం మాంసం, జుర్రాకు 6, బాషాకు 3, షికరాకు 2. ఇది ఒట్టి ఖర్చుల పద్దు కాదు. ఏది ఎంత బరువును మోయగలదో, ఎంత వేటకు తెగించగలదో తెలిసినవాళ్ల తజుర్బా.

మూడోది ఆకలి, అలవాటు. కడుపు నిండిన బాజ్ పక్కనే తీతర్ ఎగిరినా పట్టించుకోదు. ఒక రకం పిట్ట రెండుమూడుసార్లు దొరికితే దాని మీదే నజర్ నిలుపుతుంది. వరసగా తప్పిపోతే హిమ్మత్ పోగొట్టుకుంటుంది. అందుకే ఉస్తాద్ కొత్త పిట్టకు మొదట సులువైన షికార్ చూపిస్తాడు. దాని ఫిత్రత్‌ను మార్చలేడు, ఆ హద్దులోపలే దాన్ని నడిపిస్తాడు.

1868లో ఇరాన్ షెహజాదా తైమూర్ మీర్జా తన 'బాజ్‌నామా-ఎ-నాసిరీ'లో ఈ కంటి విభజననే పాటించాడు. ఐరోపా శాస్త్రవేత్తలు మాత్రం చాలాకాలం వంకర ముక్కు, పదునైన గోళ్లు చూసి ఈ రెండు కబీలాలనూ ఒకే ఖాందాన్‌లో కలిపేశారు. 2008లో పెద్ద ఎత్తున డీఎన్‌ఏ పరిశోధన జరిగింది. బహ్రీ, షాహీన్‌లకు బాజ్ కంటే చిలుకలే దగ్గరి చుట్టాలని అందులో తేలింది. కన్ను చూసి గీసిన గీత సరైన చోటే పడిందన్నమాట!

మరి ఆ గీత గీసింది ఎవరు? తారీఖ్‌లో పాదుషాల పేర్లు ఉన్నాయి. అక్బర్‌కు బాషా అంటే ఇష్టమని కూడా ఉంది. పిట్టను చేతి మీద పెట్టుకుని తిరిగిన నౌకర్లు ఎక్కువగా కశ్మీరీలు, హిందుస్తానీలు అని అబుల్ ఫజల్ రాశాడు. వాళ్ల తలబ్ ఎంతో కూడా రాశాడు. పేర్లు మాత్రం రాయలేదు.

1972 వన్యప్రాణి చట్టంతో ఈ పక్షులను పట్టడం, పెంచడం నేరమైంది. పిట్టలకు అది మేలే. కానీ ఆ పనితోపాటు దాని జబాన్ కూడా పోతోంది. బాజ్‌కూ జుర్రాకూ తేడా ఈ రోజు ఉర్దూ బాగా వచ్చినవాళ్లలోనూ కొందరికే తెలుసు. ఒక్క షికరా మాత్రం ఇంగ్లీషు పక్షి పుస్తకాల్లోకీ అదే పేరుతో ఎక్కింది. మన ఊళ్లలో వేపచెట్ల మీద అది ఇంకా ఉంది. కనిపిస్తే కన్ను చూడండి. దాని షికార్ ఏమిటో అక్కడే రాసి ఉంటుంది.