బీరువా తాళం ఎవరి దగ్గర?

ఫోన్‌లో వచ్చిన వార్త నిజమో అబద్ధమో తేల్చుకోవడం బడిపిల్లలకు ఎవరు నేర్పాలి? ఈ ప్రశ్న ఇప్పుడే పుట్టినట్టు మాట్లాడుకుంటున్నాం గానీ, తెలుగునాట ఆ పని నూరేళ్ళ కిందటే గ్రంథాలయం భుజాన వేసుకుంది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయాన్ని స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావులకు పుస్తకాలు భద్రపరచడం ఒక్కటే ఉద్దేశం కాదు. బడిలో ఉర్దూ, ఇంట్లో తెలుగు. లోకం సంగతులు సొంత భాషలో చదివి, నలుగురితో చర్చించుకునే చోటు ఒకటి కావాలి. 1904లో హనుమకొండలో, 1905లో సికింద్రాబాదులో అలాంటివే వెలిశాయి. కోస్తాలో అయ్యంకి వెంకట రమణయ్య 1914లో బెజవాడ కేంద్రంగా గ్రంథాలయాలన్నిటినీ ఒక సంఘం కిందికి తెచ్చారు. 1935లో పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పెట్టి కాలవ వెంట ఊరూరికీ పంపారు. చదువు రానివాళ్ళకు పేపరు పైకి చదివి వినిపించి, అడిగినదానికి జవాబు చెప్పే మనిషి ఉన్నచోటే ఆ గ్రంథాలయాలు బతికాయి.

ఇక్కడ సురవరం ప్రతాపరెడ్డి గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఆయన గోలకొండ పత్రిక మొదలుపెట్టింది 1926లో. సభ జరపాలంటే సర్కారు అనుమతి పుచ్చుకోవాల్సిన రోజులవి. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే ఆయన తిట్టుతో బదులివ్వలేదు. ఊరూరికీ కబురు పెట్టి, వివరాలు తెప్పించుకుని, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. ఒక మాట వినబడితే ఆధారం అడగాలి, దొరక్కపోతే మనమే వెతికి ముందు పెట్టాలి. మీడియా అక్షరాస్యత అని ఈరోజు మనం పేరు పెట్టుకున్న చదువుకు ఇంతకన్నా మంచి తెలుగు పాఠం నాకు కనబడలేదు. ప్రతి హైస్కూలులోనూ ఈ కథ చెప్పాలి.

స్వాతంత్ర్యం తర్వాత గ్రంథాలయానికి చట్టం వచ్చింది, డబ్బు వచ్చింది. 1955లో హైదరాబాదు రాష్ట్రం, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టాలు చేశాయి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ వసూలైంది. అయితే ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థలది, బడి విద్యాశాఖది. ఈ రెంటి మధ్య బడి లైబ్రేరియన్ ఎవరికీ కాకుండా పోయాడు. హైస్కూళ్ళకు శిక్షణ పొందిన లైబ్రేరియన్ కావాలని మాధ్యమిక విద్య మీద వేసిన మొదలియార్ కమిషన్ 1953లోనే చెప్పింది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం ప్రాథమిక బడులకు పుస్తకాలు పంపింది, మనిషిని పంపలేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలనీ, అందులో కథల పుస్తకాలతో పాటు వార్తాపత్రికలూ ఉండాలనీ రాసింది. పేపరును బడిలోకి తెచ్చిన ఆ ఒక్క మాట చాలా విలువైనది. దాన్ని ఎలా చదవాలో చెప్పేదెవరో మాత్రం అందులో లేదు. చాలా జడ్పీ హైస్కూళ్ళలో ఆ బాధ్యత తెలుగు పండితుడి మీదో సోషల్ సారు మీదో పడింది. పుస్తకం పోతే ఎవరు కట్టాలన్న భయంతో బీరువాకు తాళమూ పడింది.

సరిగ్గా ఆ కాలంలోనే హైదరాబాదు శివారులోని శంషాబాద్ రూపు మారింది. 2008 మార్చి 23న అక్కడి కొత్త విమానాశ్రయం నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. పొలాల చోట ప్లాట్లు, గోదాములు, హోటళ్ళు లేచాయి. పనుల కోసం ఒడిశా, బిహార్ కుటుంబాలు వచ్చాయి. ప్రతి ఇంటికీ స్మార్ట్‌ఫోన్ చేరింది. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలంటూ వాట్సాప్‌లో పాకిన పుకారు హైదరాబాదులోనే ప్రాణం తీసింది. శంషాబాద్ మీదుగా వెళ్ళే బెంగళూరు రహదారి పట్టుకుని పోతే వచ్చే గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్ళను ఊళ్ళకు పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి అది అబద్ధమని చెప్పించారు. గొప్ప పని అది. కానీ పుకారు పుట్టాక పోలీసు చేసే పని, పుట్టకముందే బడి చేయాల్సింది. అదే ఏడాది కేరళలోని కన్నూరులో ప్రభుత్వ బడులు అబద్ధపు వార్తల్ని గుర్తించడాన్ని పాఠంగా మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన దిశ అత్యాచారం, హత్య ఘోరంలో బాధితురాలి పేరు, ఫొటో చట్టం వద్దన్నా లక్షల ఫోన్లలో తిరిగాయి. పంపినవాళ్ళలో చాలామంది సానుభూతితోనే పంపారు. పంపకూడదని వాళ్ళకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

2023లో తెలంగాణ గురుకులాల నియామక ప్రకటనలో స్కూల్ లైబ్రేరియన్ పోస్టులు 434 ఉన్నాయి. ఆ పేరు జీతంతో సహా కనబడటం నాకు నిజంగా సంతోషం కలిగించింది. మామూలు ప్రభుత్వ హైస్కూళ్ళకూ ఆ పోస్టు రావాలి.

పోయిన ఏడాది శంషాబాద్ ప్రాంతంలోనే ఒక బడికి వెళ్ళాను. సోషల్ చెప్పే మేడమే లైబ్రరీ ఇన్‌చార్జి. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు వాళ్ళన్నకు వచ్చిన మెసేజ్ చూపించాడు. ఎయిర్‌పోర్టులో ఉద్యోగమట, టెన్త్ పాసైతే చాలట, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలట. ఆమె అది మోసమని చెప్పలేదు. కింద ఉన్న మెయిల్ చిరునామాను అక్షరం అక్షరం పైకి చదవమంది. చివరికి జీమెయిల్ అని వచ్చింది. "అంత పెద్ద కంపెనీకి సొంత మెయిల్ ఉండదారా?" అని అడిగింది. విమానం ఒకటి బడి మీదుగా పోయేదాకా అందరూ ఆగారు. తర్వాత ఆమె బీరువా తెరిచి పాత పేపర్ల కట్ట దించి, ఇలాంటి ఉద్యోగాల వార్తలు వెతకమని తలా నాలుగు పంచింది. ఆ అబ్బాయి మాత్రం ముందు నోట్‌బుక్ వెనక పేజీలో ఆ చిరునామా రాసుకుని, జీమెయిల్ కింద రెండు గీతలు గీశాడు, సాయంత్రం అన్నకు చూపించడానికి.