పెర్గొలేసీ కృతులు: కర్తృత్వ విచారము

ఇటలీదేశపు సంగీతకర్తలలో జొవాన్ని బత్తీస్త పెర్గొలేసీ ఇరువదియాఱేండ్లు మాత్రమే జీవించెను. అతఁడు రచించిన కృతులు కొలఁది. అతఁడు గతించిన పిమ్మట నతని పేరఁ బ్రచారమునకు వచ్చిన కృతులు మిక్కిలి పెక్కు. వీనిలో నేవి యతనివి, ఏవి యన్యులవి యను విచారము చిరకాలము సాగినది. ప్రక్షిప్తనిర్ణయమునందును గ్రంథపరిష్కరణమునందును శ్రద్ధగలవారికి ఈ చరిత్రము మిగుల నుపయుక్తము.

పెర్గొలేసీ 1710 జనవరి 4వ తేదిని మధ్యయిటలీలోని యేసి పట్టణమున జన్మించెను. వంశనామము ద్రాగీ. పూర్వులు పెర్గొల యను నూరినుండి వచ్చినవారు. ఊరిపేరిమీఁదఁ బుట్టిన తద్ధితరూపమే తుదకు వంశనామమును మఱపించినది. అతఁడు బాల్యముననే నేపుల్సు నగరమునకుఁ బంపఁబడి, పేదబాలురకు సంగీతము నేర్పు నొక ధర్మపాఠశాలలోఁ జేరి, గాయేతానొ గ్రేకొ, ఫ్రాంచెస్కొ దురాంతె మొదలగువారికి శిష్యుఁడయ్యెను.

1731లో నొక పుణ్యపురుషుని చరిత్రమును సంగీతరూపకముగా రచించుటతో నతని ప్రసిద్ధి యారంభమైనది. 1732లో నేపుల్సు జనుల వాడుకభాషలోనున్న 'ప్రేమలోఁబడిన సోదరుఁడు' అను హాస్యనాటకమునకు సంగీతము కూర్చెను. 1733 సెప్టెంబరులో 'గర్వితుఁడగు బందీ' యను గంభీరనాటకము ప్రదర్శింపఁబడెను. దాని యంకముల నడుమ వినోదార్థమై చేర్పఁబడిన చిన్నరూపకమే 'లా సెర్వా పద్రోనా', అనఁగా 'యజమానురాలైన దాసి.' ఇందుఁ బాడు పాత్రలు రెండే, మూఁడవది మూఁగపాత్ర. చతురయగు దాసి ముసలి యజమానునిచేఁ దన్ను వివాహమాడించుకొనుటయే కథ. ప్రధాననాటకము మఱవఁబడెను, నడుమ వినోదము నిలిచెను.

1736 ఆరంభమునఁ బెర్గొలేసీ క్షయపీడితుఁడై నేపుల్సు చేరువనున్న పొత్సువోలి పట్టణమందలి సన్న్యాసిమఠమును జేరెను. శిలువచెంత నిలిచి దుఃఖించు మేరీమాతను వర్ణించు 'స్తాబాత్ మాతెర్' అను లాటిన్ స్తోత్రమునకు సంగీతము కూర్చినది ఈ తుది దినములలోనని ప్రసిద్ధి. ఆ సంవత్సరము మార్చి 16వ తేదిని అతఁడు మరణించెను.

కీర్తి యటుపిమ్మట పెరిఁగెను. జర్మను సంగీతాచార్యుఁడు బాఖు తన జీవితాంత్యదశలో ఆ స్తోత్రసంగీతమును గ్రహించి జర్మను పాఠమున కనుగుణముగ మార్చుకొనెను. 1752లో నొక యిటలీ నాటకసమాజము పారిస్ నగరమున 'లా సెర్వా పద్రోనా'ను బ్రదర్శింపఁగా, ఫ్రెంచిసంగీతము మేలా, ఇటలీ సంగీతము మేలా యని పండితులు రెండు పక్షములై వాదించిరి. రూసో మహాశయుఁ డిటలీపక్షము నవలంబించెను.

ఈ కీర్తియే కర్తృత్వసంకరమునకుఁ గారణమైనది. కర్త గతించెను, కృతులు కొలఁది, కోరువా రనేకులు. కావునఁ బ్రకాశకులును లేఖకులును ఇతరుల రచనలపై నతని పేరు నిల్పి విక్రయించిరి. నేపుల్సు పాఠశాలలలో నొకే సంప్రదాయమున శిక్షింపఁబడినవారి శైలి యొండొంటిని బోలియుండుటచే నాక్షేపించుటయుఁ గష్టమయ్యెను. శైలీసామ్యము సందేహమును బుట్టింపఁగలదు గాని యొంటరిగ నిర్ణయము చేయఁజాలదు.

1939 మొదలు 1942 వఱకు రోమునగరమున సర్వకృతులు సంపుటములుగాఁ బ్రకటింపఁబడెను. అందుఁ గృతులు 148. తరువాతి పరిశోధకుల గణనమున వీనిలో 69 అన్యులవి, 49 సందిగ్ధములు, 30 మాత్రమే నిశ్చితములు. 1949లో ఫ్రాంక్ వాకర్ అను ఆంగ్లవిద్వాంసుఁడు ఈ కృతకారోపముల చరిత్రమును వివరించెను. 1977లో మార్విన్ పేమర్ స్వరారంభముల ననుసరించిన సూచిని బ్రకటించెను. స్వహస్తలిఖితములు, ప్రదర్శనకాలమున ముద్రితములైన నాటకపాఠములు, తేదీలుగల లిఖితపత్రములు మొదలగునవియే యిట్టి నిర్ణయములకుఁ బ్రమాణములు. 'స్తాబాత్ మాతెర్' స్వహస్తప్రతి మోంతె కస్సీనొ మఠమున సురక్షితమై యుండుటచే దాని కర్తృత్వమునందు శంక లేదు.

ఆరోపము లెంత దూరము వ్యాపించెనో చూపుటకు రెండు నిదర్శనములు చాలును. 1920లో స్త్రవీన్‌స్కీ యను రష్యా సంగీతకర్త పెర్గొలేసీ రచనల ననుసరించుచున్నానని నమ్మి 'పుల్చినెల్లా' యను నృత్యరూపకము కూర్చెను. అందు గ్రహింపఁబడిన స్వరభాగములలోఁ గొన్ని పెర్గొలేసీ నాటకములవే. మఱికొన్ని దొమేనికొ గల్లొ యను నితరునివని పిమ్మటఁ దేలెను. 1740లో హేగ్ నగరమునఁ గర్తృనామము లేక ముద్రితములైన ఆఱు వాద్యకృతులును జిరకాలము పెర్గొలేసీవిగానే యెన్నఁబడెను. 1980 ప్రాంతమున ఆల్బర్ట్ డన్నింగ్ అను విద్వాంసుఁడు డచ్చిదేశములోని ట్విక్కెల్ దుర్గమున నొక ప్రతిని గనుఁగొనెను. దాని పీఠిక కౌంటు ఫాన్ వాస్సెనార్ స్వహస్తలిఖితము. తన పేరు ప్రకటించుట కిష్టపడని ఆ ప్రభువే యా కృతులకుఁ గర్త యని దానిచే సిద్ధించెను.

ఇట్లు పెక్కు కృతులు తొలఁగినను, శేషించినవానిచేతనే పెర్గొలేసీ నిజస్వరూపము తెలియవచ్చుచున్నది. ఐదాఱేండ్లలో హాస్యమును గరుణమును సమముగ సాధించిన యువకుఁ డతఁడు. అన్యుల సొమ్ము మోపుటచే నతనికి గౌరవము హెచ్చలేదు. దానిచే గల్లొ, వాస్సెనార్ అనువారికిఁ దమ కృతులపైఁ గల కీర్తి చిరకాలము దక్కకపోయెను. కృతిగుణము వేఱు, కర్తృత్వము వేఱు. మంచిది గావున మహాకవిదే యనుట ప్రమాణము గాదు. ప్రసిద్ధనామమును దొలఁగించు పరిష్కర్త యా కృతికి ద్రోహము చేయుటలేదు, మఱవఁబడిన వేఱొక కర్తకు న్యాయము చేయుచున్నాఁడు.